బొగ్గునార గిటారు

గడచిన వేసవి సెలవుల తరువాత పాఠశాల తెరచిన మొదటి దినమున మేము సంగీతపు గదిలోని బీరువా తాళము తీసి చూడగా, మన పాత గిటారు పైపలక బ్రిడ్జి మొదలు క్రింది అంచు వరకు నిలువున పగిలియుండెను. ఆ గది పైకప్పు రేకులది. ఏప్రిల్ చివరి వారము మొదలు పాఠశాల తెరచు దినము వరకు దాని కిటికీలు మూసియే యుండెను. పోవునపుడు తీగెలను కొంచెము సడలింపవలెనని యైనను మాకు తోచలేదు. కావున తప్పు వాయిద్యముది కాదు, పిల్లలది కాదు, మాదియే. సెలవులలో గిటారును ఇంటికి తీసికొనిపోవుదుమని అడిగిన యిద్దరు విద్యార్థులతో, “ఎండకును ప్రయాణమునకును పాడగును, బీరువాలో భద్రముగా నుండును” అని చెప్పి పంపినవారము మేమే. భద్రపరచిన చోటనే అది పగిలెను. ఆ యిద్దరును బీరువా యెదుట నిలిచి మమ్ము ఒక్క మాటయైన అనలేదు. అందుచేత మాకు మరింత కష్టము తోచెను.

దసరా సెలవులకు ముందు, దూరదేశమున ఉద్యోగము చేయుచున్న మన పూర్వవిద్యార్థి యొకరు ఈ సంగతి విని ఒక క్రొత్త గిటారును పంపిరి. అది కొయ్యతో చేసినది కాదు. కార్బన్ ఫైబరుతో, అనగా బొగ్గునారతో చేసినది. దానిని గూర్చి విద్యార్థులు మమ్మడిగిన ప్రశ్నలు పెక్కు. తలిదండ్రులలో కొందరు, “ఇంత వెలగల వస్తువు మన పిల్లలకేల?” అని కూడ అడిగిరి. ఈ రెండు విధములైన ప్రశ్నలకును, ఆరు మాసములు ఆ వాయిద్యముతో మెలగిన పిమ్మట మాకు తెలిసినంతవరకు ఇచ్చట ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

తొలి చూపు

పెట్టె తెరచినప్పుడు పిల్లలందరును ముందుకు వంగి చూచిరి. లోపలనున్నది కాటుకవలె నల్లగా, నున్నగా, అద్దమువలె మెరయుచుండెను. ఆకారమున గిటారే, ఆరు తీగెలు, మెడ, మెట్లు, బిరడాలు, నడుమ గుండ్రని రంధ్రము, అన్నియు నున్నవి. కాని కొయ్యకుండు చారలు లేవు, వార్నిషు వాసన లేదు. చేతికెత్తగా పాత గిటారుకంటె తేలికగా నుండెను. వ్రేలితో పైపలకను తట్టగా, కొయ్యవలె మెత్తగా గాక, బిగువైన సన్నని పలకవలె చురుకుగా పలికెను. “ఇది ప్లాస్టిక్కా సార్?” అని ఆరవ తరగతి బాలుడొకడు అడిగెను. కొందరు నవ్విరి గాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. మాకును మొదట అట్లే తోచెను.

మరునాడు తన కుమార్తెను చూడవచ్చిన నేతపనివారొకరు ఆ గిటారును వెలుతురునకు త్రిప్పి త్రిప్పి చూచి, “ఇది మా మగ్గం పనే గద సార్! పడుగు, పేక రెండూ కనబడుతున్నయి” అనిరి. మేము దగ్గరగా చూడగా ఆయన చెప్పినది నిజము. నున్నని పూత క్రింద సన్నని నల్లదారములు ఒకదానిపై నొకటి ఏటవాలుగా అల్లుకొనియున్నవి. మేము పుస్తకములు వెదకక మునుపే గద్వాల నేతగాడు ఆ వాయిద్యపు మర్మమును కనిపెట్టెను. ఇది వడ్రంగి చేసిన గిటారు కాదు, నేసిన గిటారు.

బొగ్గు నారయగు విధము

బొగ్గుతో దారమేమని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. నల్లమల అంచు గ్రామములలో బొగ్గుల బట్టీని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. కట్టెలను బయట కాల్చినచో బూడిద మిగులును. వానినే పేర్చి, మట్టి కప్పి, గాలి సోకకుండ కాల్చినచో బొగ్గు మిగులును. బొగ్గునారకును సూత్రమిదియే. చలికాలపు స్వెటర్లకు వాడు అక్రిలిక్ నూలు జాతికి చెందిన దారమును తీసికొని, మొదట 200 మొదలు 300 డిగ్రీల వేడిమిలో గాలియందే మెల్లగా కాచి గట్టిపరతురు. పిదప ప్రాణవాయువు లేని కొలిమిలో 1,000 డిగ్రీలకు మించిన వేడిమికి గురిచేయుదురు. దారములోని ఇతర ధాతువులు ఆవిరియై పోవును. కార్బను మాత్రము, పొడవునకు పొడవుగా, వరుస తప్పక నిలుచును. మొదటి బరువులో సుమారు సగము మాత్రమే మిగులును.

ఇట్లు తయారైన యొక్కొక్క పోగు మందము సుమారు 7 మైక్రానులు, అనగా మన తలవెండ్రుకలో దాదాపు పదియవ వంతు. బరువులో ఉక్కునకు నాలుగవ వంతు కంటె తక్కువయైనను, పొడవున లాగినపుడు సాగకుండ నిలుచు బిగువులో అది ఉక్కునకు తీసిపోదు.

ఈ విద్య యొక్కనాట పుట్టినది కాదు. 1879-80 ప్రాంతమున థామస్ ఎడిసన్ తన విద్యుద్దీపములకొరకు నూలుదారమును, తరువాత వెదురు పేళ్లను గాలి లేకుండ కాల్చి, బొగ్గుతీగెలను చేసెను. అవి వెలుగునిచ్చెను గాని బలము లేనివి. 1958లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున రోజర్ బేకన్ అను శాస్త్రజ్ఞుడు మిక్కిలి బలముగల కార్బను తంతువులను ప్రయోగశాలలో కనుగొనెను. 1960 తరువాతి సంవత్సరములలో జపానులో అకియో షిండో అక్రిలిక్ జాతి దారమునుండి దానిని చేయు మార్గమును చూపెను. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమువారు ఆ దశాబ్దముననే దానిని మరింత బలపరచిరి. 1971 మొదలు జపానులోని టోరే సంస్థ దానిని వ్యాపారముగా తయారు చేయసాగెను. విమానములకును, చేపల గాలపు కఱ్ఱలకును, టెన్నిస్ బ్యాటులకును వాడిన ఆ నారయే కాలక్రమమున వాయిద్యములకును వచ్చెను.

నేతపనిలోని నేర్పు

గద్వాల చీర పేరు వినని తెలుగువారు తక్కువ. నడుమ నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెండు జాతుల దారములను విడివిడి పేకలతో నేయుచు, కలియు చోట ఒకదానితో నొకటి పెనవేయు పనిని మనవారు కుట్టు అందురు. ఏ చోట ఏ దారము నిలువవలెనో నేతగాడు ముందే నిర్ణయించుకొనును. బొగ్గునార గిటారు చేయువారును అట్లే నిర్ణయింపవలయును.

బట్టను నిలువునగాని అడ్డముగాగాని లాగి చూడుడి, అంతగా సాగదు. మూలనుండి మూలకు లాగుడి, వెంటనే సాగును. దారము ఎటు పోవుచున్నదో బలమును అటే యుండును. కొయ్యయు నిట్టిదే. గిటారు పైపలకకు సాధారణముగా వాడు స్ప్రూసు అను చలిదేశపు చెట్టు కొయ్య, చారల పొడవున బహు బిగువుగా నుండి, అడ్డముగా అనేక రెట్లు మెత్తగా నుండును. ఆ లోపమును సరిచేయుటకు లోపలి ప్రక్కన సన్నని బద్దలను అతికింతురు. కొయ్యకు చారలు ఏ దిక్కున నుండవలెనో చెట్టు నిర్ణయించెను. బొగ్గునారకు ఆ దిక్కును మనుష్యుడే నిర్ణయించును. ఒక పొర నిలువుగా, ఒక పొర ఏటవాలుగా, బిగువు కావలసినచోట ఎక్కువ పొరలు, అదరవలసినచోట తక్కువ పొరలు పరచి, ఎపాక్సీ అను జిగురుతో తడిపి, అచ్చులో నుంచి, ఒత్తిడితోను వేడిమితోను గట్టిపరతురు. అందుచేత ఇట్టి గిటారులు కొన్నిటిలో లోపలి బద్దలు మిక్కిలి తక్కువ. కొన్నిటిలో అసలే యుండవు.

నాదము ఎక్కడ పుట్టును

“కొయ్య లేనిచో మాధుర్యమెట్లు వచ్చును?” అని మా సహోపాధ్యాయులొకరు అడిగిరి. బొబ్బిలి వీణను పనసకొయ్యతో చేయుట యెరిగినవారికి ఈ సందేహము సహజము. దీనికి బదులు చెప్పుటకు ముందు, గిటారులో నాదమెట్లు పుట్టునో తెలిసికొనవలయును.

తీగె యొక్కటియే మ్రోగినచో ప్రక్కవానికైనను సరిగా వినబడదు. అది బహు సన్నము గనుక గాలిని ఎక్కువగా కదల్పజాలదు. తీగె అదరు బ్రిడ్జి ద్వారా పైపలకకు చేరును. వెడల్పుగల పైపలక అదరి, తన ముందున్న గాలిని, పెట్టె లోపలి గాలిని కదల్చును. రంధ్రము గుండ ఆ గాలి లోనికిని వెలికిని ఊగును. కనుక పైపలక తేలికగాను బిగువుగాను ఉండుటయే ముఖ్యము. దీనిని ఋజువు చేయుటకై స్పెయిను దేశపు ప్రసిద్ధ గిటారు నిర్మాత ఆంటోనియో దె టొరెస్ 1862లో ఒక చిత్రమైన గిటారును చేసెను. పైపలక మాత్రము మంచి కొయ్య. ప్రక్కలును వెనుక భాగమును అట్టతో చేసినవి. ఆ గిటారు నేటికిని బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో నున్నది.

నూరు సంవత్సరములు గడచిన తరువాత, 1966లో, హెలికాప్టరులు చేయు అమెరికా ఇంజనీరు చార్లెస్ కామన్, గాజునార కలిపిన గుండ్రని వీపుతో ఓవేషన్ అను గిటారును చేసెను. దాని పైపలక మాత్రము కొయ్యయే. పిదప హవాయి దీవులలోని మౌయీయందు జాన్ డెకర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, ఎండకును వానకును కొయ్య గిటారులు పాడగుట చూచి, పైపలకను కూడ బొగ్గునారతో చేసి, రెయిన్‌సాంగ్ అను పేర గిటారులను వెలువరించెను. మన రేకుల గదిలో కలిగిన కష్టమే మహాసముద్రము నడుమ నున్న దీవిలో ఈ ప్రయత్నమునకు ప్రేరణమయ్యెనన్న మాట.

ఇక మాధుర్యము మాట. ఒకనాటి సాయంకాలము పిల్లలను గోడవైపు తిరిగి కూర్చుండబెట్టి, అతికించి బాగుచేసిన పాత గిటారును, క్రొత్త గిటారును మార్చి మార్చి ఒకే పాటకు వాయించితిమి. ఏది ఏదియో చెప్పుడనగా, పలుమారు తప్పిరి. తీగెలను విడిగా మీటినపుడు మాత్రము కొందరు గుర్తుపట్టిరి. మా చెవికి తోచినదేమనగా, బొగ్గునార స్వరము తేటగా, పదునుగా, ఎక్కువసేపు నిలుచును. కొయ్య స్వరము త్వరగా ఒదిగి, కొంచెము మెత్తబడి, పాడువారి కంఠములకు చోటిచ్చును. పది మందికి వినబడవలసిన ఆవరణలో క్రొత్తది మేలు. ఒక్క చిన్నపిల్ల మెల్లగా పాడునపుడు మాకు పాతదియే యింపుగా నుండెను. ఇందులో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని తీర్పు చెప్పుట మాకు సాధ్యము కాలేదు.

మన యెండలో పరీక్ష

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో వేసవి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అప్పుడు గాలిలో తడి మిక్కిలి తగ్గును. జులై వచ్చిన తోడనే పెరుగును. కొయ్య చెట్టునుండి వేరైనను గాలిలోని తడిని పీల్చుటయు విడుచుటయు మానదు. తడి పీల్చి అడ్డముగా ఉబ్బును. ఎండి అడ్డముగా కుంచించుకొనును. పొడవున మాత్రము ఇంచుమించు మారదు. పైపలక కుంచించుకొన జూచుచుండగా, దానికి అడ్డముగా అతికిన బద్దలు కదలవు. ఒకటి లాగును, ఒకటి ఆపును. నడుమ పలక చీలును. ఉక్కు తీగెలు ఆరును కలిసి 70 కిలోలకు తక్కువ గాని బలముతో బ్రిడ్జిని లాగుచుండును గనుక కష్టము రెట్టింపగును. కొయ్య గిటారునకు గాలిలో తేమ నూటికి 45 మొదలు 55 పాళ్లుండుట మేలని నిర్మాతలు చెప్పుదురు. మే నెలలో మన రేకుల గదికిని ఆ లెక్కకును ఎంత దూరమో చెప్పనక్కరలేదు.

బొగ్గునార తడిని పీల్చదు. వేడికి సాగుటయు దాదాపు లేదు. “అయితే దీని శ్రుతి ఎన్నడును తప్పదు గదా సార్!” అని పిల్లలు సంతోషించిరి. మేమును అట్లే నమ్మితిమి. మార్చి నెలలో ఒక ఉదయము రెండు గిటారులను శ్రుతి చేసి, మధ్యాహ్నము వరకు వసారాలో నీడపట్టున నుంచి, ఫోనులోని శ్రుతియంత్రముతో మరల చూచితిమి. క్రొత్త గిటారు శ్రుతి కూడ దిగియుండెను! పిల్లలు నిరాశపడిరి.

కారణమును తరగతిలో కలిసి ఆలోచించితిమి. గిటారు సాగలేదు గాని, దానిపై నున్న తీగెలు ఉక్కువి. ఉక్కు వేడికి సాగును. మెడ కదలక తీగె మాత్రము సాగినచో, తీగె బిగువు తగ్గును. బిగువు తగ్గినచో స్వరము దిగును. వెంట్రుకవాసి సాగినను చెవికి తెలియును. సాయంకాలము చల్లబడిన పిమ్మట బిరడాలను ముట్టకయే శ్రుతి చాలవరకు తిరిగి వచ్చెను. కొయ్య గిటారు అట్లు కుదురుకొనలేదు. పెట్టెపై వ్రాసిన గొప్ప మాటలను నమ్ముటకంటె ఒక్క మధ్యాహ్నపు పరీక్ష మేలని ఆ దినమున పిల్లలకును మాకును తెలిసినది.

మరువరాని లోపములు

మెచ్చుకొన్న నోటితోనే లోపములను కూడ చెప్పుట న్యాయము. మొదటిది వెల. ఒక మంచి బొగ్గునార గిటారు వెలకు సామాన్యమైన కొయ్య గిటారులు అనేకము వచ్చును. దానముగా రానిచో మన పాఠశాల దీనిని కొనజాలదు.

రెండవది మరమ్మతు. పగిలిన పాత గిటారును మన పట్టణపు వడ్రంగి యొకరు చూచి, చీలికలో సన్నని కొయ్యపేడు పొదిగి, లోపలినుండి చిన్న బిళ్లలు అతికించి, వారము దినములలో తెచ్చియిచ్చిరి. తలుపులును మగ్గములును చేయు చేతులవి. మున్నెన్నడును గిటారును ముట్టలేదు. అయినను కొయ్య స్వభావము ఎరిగినవారు గనుక చేయగలిగిరి. బొగ్గునార పెట్టె గట్టి దెబ్బకు పగిలినచో మన ప్రాంతమున బాగుచేయువారు దొరకరు. దానిని ఆకురాయితో రుద్దినపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును, తెలియనివారు పూనుకొనరాదు.

మూడవది దాని అంత్యదశ. కొయ్యయు, సొరబుఱ్ఱయు విరిగినచో మట్టిలో కలియును. బొగ్గునారయు జిగురును కలిసినది అంత తేలికగా కరగదు, విడదీసి మరల వాడుటయు కష్టమే. తయారీకి కొలిమిలో ఖర్చగు శక్తియు హెచ్చు. ఇంకొక మాట: ఎండలో నిలిపిన మోటారు బండిలో మూసి యుంచినచో నారకు గాక, దానిని పట్టియున్న జిగురునకు ముప్పు కలుగవచ్చును. ఇది మహిమగల వస్తువు కాదు. జాగ్రత్తగా వాడవలసిన వస్తువే.

కిన్నెర చెప్పిన పాఠము

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట గ్రామమునకు చెందిన దర్శనం మొగులయ్యగారిని మన విద్యార్థులు ఎరుగుదురు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించుచు, పండుగ సాయన్న మొదలగు వీరుల కథలను పాడిన ఆయనకు 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము ప్రకటించెను. కిన్నెరకు వెదురు దండము, ఎండిన సొరబుఱ్ఱలు, తేనెమైనముతో నిలిపిన మెట్లు ఆధారము. పూర్వము నరములను గాని వెండ్రుకలను గాని తీగెలుగా కట్టిరి. నేడు లోహపు తీగెలు కట్టుదురు. మనము శ్రద్ధగా ఆలోచించినచో, బుఱ్ఱయు వెదురును బొగ్గునారకంటె ఎంతో సున్నితములు. మైనము ఎండకు మెత్తబడును. అయినను ఆ వాయిద్యము తరతరములుగా ఇదే యెండలో, ఇవే త్రోవలలో నిలిచెను.

అది ఎట్లు నిలిచెను? ఎవరును దానిని బీరువాలో పెట్టి తాళము వేయలేదు. భుజముపై మోసికొని ఊరూరికి పోయిరి. మెట్టు సడలినచో వారే మైనముతో నిలిపిరి. బుఱ్ఱ పగిలినచో వారే మరియొకటి కట్టిరి. తండ్రి చేతినుండి కొడుకు చేతికి అది చేరెను. నేడు కిన్నెర అరుదగుటకు కారణము బుఱ్ఱ దొరకకపోవుట కాదు. నేర్చుకొను చేతులు తగ్గుటయే. పగులుట ఒక్కటియే వాయిద్యమునకు చావు కాదు. వాయించువారు లేకుండుటయు చావే.

ఈ మాట తోచినప్పుడు మాకు బీరువా జ్ఞాపకము వచ్చెను. మేము ఏటేటా ఏడు వారములు గిటారును తాళములో నుంచి, వాయిద్యమును కాపాడితిమనుకొంటిమి. ఆ యేడు వారములలో పిల్లల వ్రేళ్లు నేర్చినది మరచెడివి. జూన్ మాసమంతయు తిరిగి మొదటినుండి చెప్పవలసి వచ్చెడిది. ఇంట హార్మోనియమో గిటారో గలవారి పిల్లలు మాత్రము ముందుకు సాగిరి. లేనివారి పిల్లలు వెనుకబడిరి. మేము కాపాడిన కొయ్యయు దక్కలేదు, పిల్లల విద్యయు దక్కలేదు.

ఈ సెలవులకు చేసిన యేర్పాటు

కావున తలిదండ్రుల ప్రశ్నకు మా ప్రత్యుత్తరమిది. క్రొత్త గిటారు ఎక్కువ మధురమైనదని మేము చెప్పము. తడికిని ఎండిన గాలికిని అది లొంగదు గనుక దానిని పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపవచ్చును. మన పాఠశాలకు దానివలన కలిగిన గొప్ప మేలు ఇదియే.

ఈ వేసవిలో సంగీతపు తరగతినుండి ముగ్గురు విద్యార్థులకు, రెండేసి వారముల చొప్పున, ఈ గిటారును ఇచ్చుటకు నిశ్చయించితిమి. ఒకరు గద్వాల ప్రక్క గ్రామమువారు, ఒకరు వనపర్తి ప్రాంతమువారు, ఒకరు నాగర్‌కర్నూలు ప్రాంతమువారు. గత సంవత్సరము మేము వట్టిచేతులతో పంపిన యిద్దరును ఈ ముగ్గురిలో నున్నారు. మిగిలిన వారమున తీగెలు మార్చి, మెట్లు తుడిచి సిద్ధపరతుము. ఎవరు ఎప్పుడు తీసికొనిరో పుస్తకములో వ్రాయబడును. బస్సులో దానిని పైకప్పుపై వేయరాదు, ఒడిలోనే యుంచుకొనవలెను. పొయ్యి దగ్గరను, మూసిన బండిలోను పెట్టరాదు. కార్బను విద్యుత్తును ప్రసరింపజేయును గనుక తెగిన కరెంటు తీగెల దరికి పోనీయరాదు. మధ్యాహ్నము శ్రుతి దిగినచో కంగారుపడి బిరడాలను మిక్కిలి బిగింపరాదు. సాయంకాలమువరకు ఓర్చి చూడవలెను.

పాత గిటారు మిద్దె క్రింది గదికి మారినది. దాని తీగెలు సడలించి, పెట్టెలో తడి స్పంజిని రంధ్రములుగల డబ్బాలోనుంచి, పాఠశాలయందే నివసించు ఉపాధ్యాయులొకరు వారమునకొక మారు చూచుటకు ఒప్పుకొనిరి. అతికిన చోట గీత కనబడుచునే యున్నది. దానిని రంగుతో కప్పుదుమా యని వడ్రంగి అడుగగా, వలదంటిమి. మా అజాగ్రత్తకు అది గురుతుగా నుండవలెను.

వస్తువు పోయినచో, విరిగినచో ఏమగునని కొందరు భయపడుచున్నారు. ఆ భయము మాకును కలదు. గిటారు ఏ కారణముచేతనైన చెడినచో దాని బాధ్యత మాది. పిల్లల తలిదండ్రులను డబ్బు అడుగబోము. ఈ మాటను పుస్తకములో మొదటి పుటలోనే వ్రాసితిమి. భయపడుచు పట్టుకొనిన వ్రేళ్లకు పాట రాదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటియే. మే నెల మధ్యాహ్నమున మీ వసారాలో ఒకే పాట ఒకే చోట తప్పుచు పదిమారులు మ్రోగినచో విసుగుకొనకుడి. పదునొకండవ మారు కూడ వాయింపనీయుడి. జూన్ మాసమున ఆ పాటను మేము వినుటకు ఎదురుచూచుచుందుము.